ప్రోగ్ రాక్‌ని ఒకే గాటన కట్టగలమా? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం డెబ్బైల నాటి ప్రోగ్రెసివ్ రాక్ (పొట్టిగా ప్రోగ్) గురించే. ఒకే రకం ప్రశ్నలను కలిపి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: పింక్ ఫ్లాయిడ్ అంటే ప్రాణం. "నీకు నచ్చితే ఇవీ విను" అని స్నేహితులు ఎమర్సన్ లేక్ అండ్ పామర్, జెంటిల్ జెయింట్ ఇచ్చారు. ఒకటి చెవులు పగిలేలా ఆర్గన్, ఇంకొకటి లెక్కల పరీక్షలా ఉంది. ఇవన్నీ ఒకే శైలి ఎలా అయ్యాయి? (కె.ఆర్., గుంటూరు)

జవాబు: ఒకే శైలి కాదు. మీ చెవి సరిగ్గానే చెప్పింది. 1969 నుంచి 1975 దాకా ఇంగ్లండులో ఈ బ్యాండ్లకు ఉమ్మడిగా దొరికింది ఒక వెసులుబాటు మాత్రమే. మూడు నిమిషాల సింగిల్ కోసం పాటను కత్తిరించనక్కర్లేదు, ఎల్పీలో (పెద్ద గ్రామఫోను రికార్డులో) ఒక వైపంతా ఒకే రచనకు వాడుకోవచ్చు. ఆ ఇరవై నిమిషాల్లో ఏం పెట్టాలన్నది ఎవరి చదువును బట్టి, ఎవరి వాద్యాన్ని బట్టి వాళ్ళు తేల్చుకున్నారు. అందుకే కొత్త బ్యాండు వినేటప్పుడు రెండు సంగతులు గమనించండి: ముందు నిలబడే వాద్యం ఏది, పాట ఎక్కడ పుట్టింది (కాగితం మీదా, రిహార్సల్ గదిలోనా, స్టూడియో టేపు మీదా).

పింక్ ఫ్లాయిడ్ పాట టేపు మీద పుట్టింది. 'మనీ' (1973) మొదట్లో వినపడే నాణేల చప్పుడు, క్యాష్ రిజిస్టర్ చప్పుడు విడివిడిగా రికార్డు చేసి, ఆ టేపు ముక్కలను స్కేలుతో కొలిచి సమానంగా కోసి, ఏడింటిని వలయంలా అతికించారు. పాట తాళం ఆ వలయంలోంచి మొదలవుతుంది. 'ఆన్ ద రన్'లో వినిపించేది ఈఎంఎస్ సింథి ఏకేఎస్ అనే చిన్న సూట్‌కేసు సింథసైజర్. కొద్ది స్వరాల వరుస ఒకటి ఎక్కించి, వేగం బాగా పెంచారు. వాయించే వేగంతో మెప్పించాలన్న తాపత్రయం ఈ బ్యాండులో లేదు. గిటారిస్టు గిల్మర్ ఒక్క తీగను సాగదీసి నిలబెట్టే స్వరానికి చోటు మిగలడానికే మిగిలినవాళ్ళు తగ్గి వాయిస్తారు.

ఎమర్సన్ లేక్ అండ్ పామర్‌లో గిటారు కోసమే ఒక మనిషి లేడు. గ్రెగ్ లేక్ ప్రధానంగా బేసు (మంద్రస్వరాలు పలికే గిటారు) వాయించి పాడతాడు, మామూలు గిటారు అవసరమైనప్పుడే పట్టుకుంటాడు. హామండ్ ఆర్గన్, మూగ్ సింథసైజర్ ముందుకొచ్చి, రాక్‌లో గిటారు చేసే పనంతా చేస్తాయి. మూలం యూరప్ శాస్త్రీయ సంగీతం. రష్యన్ స్వరకర్త ముసోర్గ్‌స్కీ 'పిక్చర్స్ ఎట్ యాన్ ఎగ్జిబిషన్'లోంచి కొన్ని భాగాలను రాక్‌లోకి దించారు, అర్జెంటీనా స్వరకర్త హినస్తేరా పియానో కాన్సర్టోలోంచి ఒక భాగాన్ని 'టొక్కాటా' (1973) చేశారు.

జెంటిల్ జెయింట్ పాట కాగితం మీద పుట్టింది. కీబోర్డు వాయించే కెర్రీ మినియర్ లండన్ రాయల్ అకాడెమీ ఆఫ్ మ్యూజిక్‌లో స్వరరచన చదివినవాడు. 'ఆన్ రిఫ్లెక్షన్' (1975)లో నాలుగు గొంతులు ఒకదాని వెనక ఒకటి అదే బాణీతో ప్రవేశిస్తాయి, అది ఫ్యూగ్ పద్ధతి. మొదటిసారి ఒక్క గొంతునే పట్టుకుని చివరిదాకా వెళ్ళండి, రెండోసారి ఇంకో గొంతు. అన్నీ ఒకేసారి పట్టుకోబోతే అది మీరన్నట్టు లెక్కల పరీక్షే.

ఫ్లాయిడ్ నుంచి బయల్దేరేవారికి నేరుగా జెంటిల్ జెయింట్ ఇవ్వడం స్నేహితుల తొందర. ముందు క్యామెల్ బ్యాండు 'మిరాజ్' (1974), తర్వాత జెనెసిస్ 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' (1973) వినండి. క్యామెల్‌లో లాటిమర్, జెనెసిస్‌లో హ్యాకెట్ గిటార్లు గిల్మర్‌కి దగ్గరి చుట్టాలు.

ప్రశ్న: యెస్, జెనెసిస్ రెండూ నాకు ఒకేలా వినిపిస్తాయి. తేడా ఎలా పట్టుకోవాలి? (ఎం., హనుమకొండ)

జవాబు: గొంతులు పక్కన పెట్టి కింది స్థాయి వినండి. యెస్‌లో క్రిస్ స్క్వైర్ బేసు వెనక దాక్కోదు, గిటారుతో సమానంగా కరకరలాడుతూ ముందుకొస్తుంది. 'రౌండబౌట్' (1971) వినండి: వెనక్కి తిప్పిన పియానో మోత, స్టీవ్ హౌ అకౌస్టిక్ గిటారు, ఆ తర్వాత దూసుకొచ్చే బేసు. పాట గుర్తుండిపోయేది ఆ బేసు వల్లే. యెస్ పెద్ద రచనలు ముక్కలుగా తయారయ్యాయి. స్టూడియోలో భాగాలు విడివిడిగా రికార్డు చేస్తే, ఇంజనీరు ఎడ్డీ ఆఫర్డ్ టేపులు అతికి ఒకటి చేశాడు. 'క్లోజ్ టు ది ఎడ్జ్' (1972) 18 నిమిషాల పైచిలుకు నడిచినా మలుపులు అంత ఠక్కున తిరగడానికి ఒక కారణం అదే.

జెనెసిస్‌లో బేసు అణకువగా ఉంటుంది. అక్కడ గుర్తుపట్టాల్సింది పన్నెండు తీగల గిటార్లు. రెండు మూడు కలిసి ఒకదాని సందుల్లోంచి ఒకటి మీటుతుంటే హార్ప్‌సికార్డ్ లాంటి మెరుపు వస్తుంది. దాని మీద కీబోర్డు వాయించే టోనీ బ్యాంక్స్ కింద ఒకే మంద్రస్వరాన్ని కదలకుండా ఉంచి, పైన కార్డులు (కలిపి పలికించే స్వరాల గుంపులు) మారుస్తాడు. 'వాచర్ ఆఫ్ ద స్కైస్' (1972) ఆరంభం వింటే ఆ బరువు తెలుస్తుంది. ఇంకో తేడా కథ. యెస్ సాహిత్యంలో మాటలను నాదం కోసం ఏరుకున్నారు, అర్థం వెతికితే చిక్కదు. జెనెసిస్ గాయకుడు పీటర్ గేబ్రియల్ పాత్రలు వేస్తాడు, గొంతులు మారుస్తాడు, వేదిక మీద నక్కతల, ఎర్ర గౌను తొడుక్కున్నాడు. 1975లో అతను వెళ్ళిపోయాక డ్రమ్స్ వాయించే ఫిల్ కాలిన్స్ పాడాడు. 1986 నాటి 'ఇన్విజిబుల్ టచ్' క్యాసెట్ మాత్రమే ఇంట్లో ఉన్నవాళ్ళు ఇదే బ్యాండంటే నమ్మరు. నమ్మక్కర్లేదు కూడా, అప్పటికి అది వేరే సంగీతం.

ప్రశ్న: కింగ్ క్రిమ్సన్ ఎక్కడ మొదలుపెట్టాలి? ఒక ఆల్బం విని, ఇంకోటి వింటే ఎవరో వేరేవాళ్ళలా ఉన్నారు. (పి.వి., రాజమహేంద్రవరం)

జవాబు: నిజంగానే వేరేవాళ్ళు. మొదటినుంచీ చివరిదాకా ఉన్నది గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ ఒక్కడే. మూడు తలుపులున్నాయి. 1969 నాటి 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్'లో మెలోట్రాన్ (టేపు మీది వాద్యాల శబ్దాలు వినిపించే కీబోర్డు) తీగవాద్యాల గుంపు, శాక్సఫోన్, జానపదం. అదే ఏడాది జులై 5న హైడ్ పార్క్‌లో రోలింగ్ స్టోన్స్ కచేరీకి ముందు వాయించి వీళ్ళు పేరు తెచ్చుకున్నారు. 1973–74 రెండో తలుపు: జాన్ వెటన్ బేసు, యెస్ వదిలి వచ్చిన బిల్ బ్రూఫర్డ్ డ్రమ్స్, డేవిడ్ క్రాస్ వయొలిన్, కొన్నాళ్ళు జేమీ మ్యూర్ రేకులు, గంటలు. ఇక్కడ పాట గరుకుగా, బరువుగా మారి చాలా భాగం వేదిక మీదే పుట్టేది. 'రెడ్' (1974)లో చివరిదైన 'స్టార్‌లెస్' మొదటి నాలుగు నిమిషాలు విషాదగీతం. తర్వాత 13 మాత్రల బేసు వరుస మీద గిటారు దాదాపు ఒకే స్వరాన్ని పట్టుకుని మెట్టుమెట్టుగా పైకెక్కుతుంది. 1981 నాటి 'డిసిప్లిన్'లో మెలోట్రాన్ లేదు, వయొలిన్ లేదు. ఫ్రిప్, ఏడ్రియన్ బెల్యూ గిటార్లు ఇండోనేషియా గామెలాన్ (లోహవాద్యాల బృందం) పద్ధతిలో ఒకదాని ఖాళీల్లో ఒకటి పడతాయి. 'ఫ్రేమ్ బై ఫ్రేమ్'లో ఇద్దరూ కలిసి మొదలెట్టి, ఒకరు ఒక్క స్వరం తగ్గించుకుంటారు. దాంతో ఆవర్తాలు విడిపోయి, కొంతదూరం పోయాక మళ్ళీ కలుస్తాయి.

కర్ణాటక సంగీతం అలవాటున్నవారికి మూడో తలుపు తేలిక. చాలామంది 1969తో మొదలెట్టమంటారు. మేం 'రెడ్' అంటాం.

ప్రశ్న: నేను మృదంగం నేర్చుకుంటున్నాను. ఈ పాటల 7/4, 5/4, 9/8లను మన చాపు తాళాలతో లెక్కపెట్టవచ్చా? 'మనీ'కి మిశ్రచాపు వేస్తే ఎందుకో అతకడం లేదు. (ఎస్.ఎల్., తెనాలి)

జవాబు: లెక్కపెట్టవచ్చు. కానీ మొత్తం సంఖ్య సరిపోతే చాలదు, విరుపు సరిపోవాలి. మిశ్రచాపు మూడు ప్లస్ నాలుగు: తకిట తకధిమి. 'మనీ'లో స్నేర్ డ్రమ్ రెండు, నాలుగు, ఆరు దెబ్బల మీద పడుతుంది. అంటే రెండేసి చొప్పున మామూలు నాలుగు దెబ్బల నడకే, చివర ఒక దెబ్బ తెగ్గోశారంతే. తిరగేసి తకధిమి తకిట అనండి, కూర్చుంటుంది. వేగం కూడా చూసుకోండి, ఇక్కడ ఒక్కో మాత్ర నింపాదైన అడుగు. చాపు వేగంతో మొదలుపెడితే రెండో ఆవర్తానికే పాటను దాటిపోతారు. ఇంకో ఉచ్చు: శాక్సఫోన్ సోలో ఏడులోనే ఉంటుంది, గిటారు సోలో రాగానే తాళం నాలుగుకు మారిపోతుంది, మళ్ళీ చరణానికి ఏడు. అక్కడ తప్పితే తప్పు మీది కాదు.

జెత్రో టల్ బ్యాండు 'లివింగ్ ఇన్ ద పాస్ట్' (1969) ఐదు. ఖండచాపు తక తకిట కదా, ఇక్కడ బేసు తకిట తక. ఆ ఒక్కటి తిరగేస్తే పాటంతా ఎక్కడా తాళం మారదు కాబట్టి తొలి సాధనకు ఇదే మంచిది.

జెనెసిస్ 'సప్పర్స్ రెడీ' (1972) దాదాపు 23 నిమిషాలు, ఏడు భాగాలు. ఆరోది 'అపోకలిప్స్ ఇన్ 9/8'. డ్రమ్స్, బేసు తకిట తక తకధిమి అని మూడు, రెండు, నాలుగుగా కొడుతుంటే, ఆర్గన్ సోలో ఆ విరుపును లెక్కచేయకుండా తన దారిన పోతుంది. మొదట ఆర్గన్‌ని వదిలేసి బేసుతోనే చేయి వేయండి. ఇరవై ఆవర్తాలు చెదరకుండా నిలిచాక అప్పుడు చెవిని ఆర్గన్ వైపు తిప్పండి. తని ఆవర్తనంలో ఒకరు తాళం పట్టుకుంటే ఇంకొకరు గతిభేదం చేసినట్టే.

సరదాకి ఒకటి. కెనడా బ్యాండు రష్ చేసిన 'వై వై జెడ్' (1981) ఆరంభం టొరాంటో విమానాశ్రయం కోడ్‌కి మోర్స్ సంకేతం. గీతకు రెండు, చుక్కకు ఒకటి వేయండి. వై: గీత చుక్క గీత గీత, ఏడు. మళ్ళీ ఏడు. జెడ్: గీత గీత చుక్క చుక్క, ఆరు. మొత్తం 20 అక్షరాలు, నాలుగేసి చొప్పున ఐదు దెబ్బలు. కోర్వై కట్టేవాళ్ళకు కొత్తేమీ కాదు.

ప్రశ్న: యెస్ పాటల బేసు శబ్దం కోసం డిస్టార్షన్ పెడల్ కొన్నాను. పెట్టగానే కింది శబ్దం మొత్తం పోయి కందిరీగలా మోగుతోంది. (డి., విశాఖపట్నం)

జవాబు: పెడల్ తప్పు కాదు, సిగ్నల్ మొత్తాన్నీ దాంట్లోంచి పంపడమే తప్పు. క్రిస్ స్క్వైర్ రికెన్‌బ్యాకర్ బేసులో (బ్రిటన్‌లో 1999 అన్న నంబరుతో అమ్మిన మోడల్) రెండు పికప్‌లను (తీగల కంపనాన్ని పట్టే అయస్కాంతాలు) రెండు వేర్వేరు దారుల్లో పంపేవాడు. మెడ దగ్గరి పికప్ శుభ్రంగా, బ్రిడ్జి దగ్గరిది కరకుగా.

మీ బేసుకు స్టీరియో జాక్ లేకున్నా ఇలా చేయండి. సిగ్నల్‌ని స్ప్లిటర్‌తో రెండు చేయండి. ఒకటి నేరుగా ఆంప్‌కి, ట్రెబుల్ తగ్గించి. రెండోది ముందు ఈక్యూ (ఈక్వలైజర్) లోకి: 250 హెర్ట్జ్ కింద ఉన్నదంతా కోసేసి, ఆ తర్వాత డిస్టార్షన్, డ్రైవ్ నాబ్ మూడోవంతు దాటకుండా. రెండూ కలిపేటప్పుడు శుభ్రమైనది ముందు పెంచి, కరకుది వినిపించీ వినిపించనంత కలపండి. ఒంటరిగా వాయిస్తే తక్కువనిపిస్తుంది కానీ డ్రమ్స్ వచ్చాక అదే సరిపోతుంది. కలపగానే శబ్దం ఇంకా పలచబడితే రెండు దారుల పోలారిటీ ఎదురుబొదురైంది. ఒకదానిలో ఫేజ్ స్విచ్ తిప్పండి.

పెడల్ కంటే ముందు చూసుకోవాల్సినవి: తీగలు రౌండ్‌వూండ్, కొత్తవి కావాలి (ఆయన వాడినవి రోటోసౌండ్). వేళ్ళతో కాదు, ప్లెక్ట్రంతో, బ్రిడ్జికి దగ్గరగా. మెత్తని ఫ్లాట్‌వూండ్ తీగల మీద ఎంత ఖరీదైన పెడల్ పెట్టినా ఈ శబ్దం రాదు.

ప్రశ్న: కీబోర్డులో 'మెలోట్రాన్' అని ఒక టోన్ ఉంది. వాయిస్తే సినిమా స్ట్రింగ్స్‌లా ఉంది తప్ప పాత రికార్డుల్లోలా లేదు. (ఆర్.టి., డాలస్)

జవాబు: అసలు యంత్రం ఎలా పనిచేసేదో తెలిస్తే మీ చేతులే మారతాయి. మెలోట్రాన్‌లో ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క. మెట్టు నొక్కితే టేపు హెడ్‌కి ఆనుకుని ముందుకు లాగబడుతుంది, వదిలితే స్ప్రింగ్ వెనక్కి లాగేస్తుంది. 1970లో వచ్చిన ఎం400 మోడల్‌లో 35 మెట్లు. టేపు వెడల్పులో పక్కపక్కన మూడు వాద్యాలు. ఏ స్వరమైనా దాదాపు 8 సెకన్లే, ఆపైన మౌనం. అందుకే పాత రికార్డుల్లో కార్డు ఎనిమిది సెకన్లలోపే మారుతుంది. లేదంటే వాయించేవాడు ఒక్కొక్క వేలు లేపి అదే కార్డును వేరే అమరికలో మళ్ళీ పడతాడు.

కాబట్టి సస్టెయిన్ పెడల్ ముట్టుకోకండి. టచ్ సెన్సిటివిటీ ఆపేయండి, ఆ యంత్రానికి గట్టిగా కొట్టినా మెల్లగా కొట్టినా ఒకటే. పరిధి జి నుంచి రెండు ఆక్టేవ్‌లు దాటి ఎఫ్ వరకే, దానికి పైనా కిందా పోవద్దు. రివర్బ్ తగ్గించండి. ఐదారు కిలోహెర్ట్జ్ పైన కోయండి. శ్రుతిలో చిన్న వణుకు పెట్టండి, అయితే అన్ని స్వరాలకూ ఒకే రకంగా వద్దు, ప్రతి టేపూ వేరు కదా. ఒకేసారి ఎక్కువ మెట్లు నొక్కితే మోటారు మీద బరువు పడి శ్రుతి జారేది, అందుకే మూడు నాలుగు స్వరాల కార్డులే వాడండి. ఇంకొకటి: టేపు కదిలి శబ్దం రావడానికి లిప్తపాటు పడుతుంది. వేగమైన సంగతులు దీనిమీద పలకవు. మూడీ బ్లూస్ బ్యాండులోని మైక్ పిండర్ దీన్ని అంత సాఫీగా వాయించడానికి ఒక కారణం, ఆయన అంతకుముందు ఆ యంత్రాలు తయారుచేసే కంపెనీలోనే పనిచేశాడు.

ప్రశ్న: యెస్ ఆల్బం ఒకటి మన శాస్త్రాల ఆధారంగా చేశారట. నిజమేనా? అందులో రాగాలున్నాయా? (జి., తిరుపతి)

జవాబు: ఆధారం నిజం, రాగాలు లేవు. 'టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్' (1973) రెండు ఎల్పీలు, వైపుకొకటి చొప్పున నాలుగే రచనలు. పరమహంస యోగానంద ఆత్మకథలో ఒక అధోజ్ఞాపికలో శాస్త్రాలను శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగుగా చెప్పారు. యెస్ గాయకుడు జాన్ ఆండర్సన్ ఆ నాలుగింటినీ నాలుగు వైపులకు పంచాడు. ఆ పుస్తకం గురించి అతనికి చెప్పింది కింగ్ క్రిమ్సన్‌లో రేకులు వాయించిన జేమీ మ్యూర్, బ్రూఫర్డ్ పెళ్ళిలో.

అంటే మన దగ్గర తీసుకున్నది విషయసూచిక మాత్రమే, సంగీతం కాదు. నాలుగో వైపున తాళవాద్యాల గోల ఉంది కానీ దానికీ తంత్రానికీ సంబంధం వెతకడం వృథా. సాగదీత కూడా ఉంది. కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్‌కి అసలు నచ్చలేదు. కచేరీ మధ్యలో వాయించడానికి ఏమీ లేక వేదిక మీదే కర్రీ తెప్పించుకుని తిన్నానని ఆయనే చెప్పుకున్నాడు. 1974లో బ్యాండు వదిలేశాడు. మొదటి వైపు, నాలుగో వైపు వినండి. మధ్యవి ఓపికను బట్టి.

ప్రశ్న: గిటారు లేని ప్రోగ్ ఉందా? ఇంగ్లండు బయట? (అనేకులు)

జవాబు: వాన్ డర్ గ్రాఫ్ జెనరేటర్ వినండి. ఆర్గన్ వాయించే హ్యూ బాంటన్ కాళ్ళతో బేసు పెడల్స్ తొక్కుతాడు, డేవిడ్ జాక్సన్ రెండు శాక్సఫోన్లు ఒకేసారి ఊదుతాడు, పీటర్ హామిల్ గొంతు చించుకుంటాడు. 'పాన్ హార్ట్స్' (1971) రాత్రిపూట ఒంటరిగా వద్దు. సాఫ్ట్ మెషీన్ 'థర్డ్' (1970)లో లోరీ ఆర్గన్‌ని ఫజ్‌లోంచి పంపి గిటారులా అరిపించారు, అది సగం జాజ్. దానికి మెత్తటి తమ్ముడు క్యారవాన్.

ఇటలీలో ప్రెమియాటా ఫోర్నేరియా మార్కోని, కీబోర్డులు వాయించే అన్నదమ్ములున్న బాంకో. ఫ్రాన్స్‌లో మాగ్మా: క్రిస్టియన్ వాండర్ కోబాయన్ అనే భాషను సొంతంగా కల్పించి అందులోనే పాడించాడు. వీళ్ళది ప్రోగ్ అవునా కాదా అన్న వాదన అభిమానుల్లో ఇప్పటికీ తెగలేదు.

ప్రశ్న: ఫోనులో వింటే పాటల మధ్య తెగిపోతోంది. ఏ ఎడిషన్ వినాలి? ఎల్పీ కొనడం మేలా? (వి.ఎన్., హైదరాబాద్)

జవాబు: యాప్ సెట్టింగ్స్‌లో గ్యాప్‌లెస్ ఆన్ చేయండి, క్రాస్‌ఫేడ్ సున్నా చేయండి, షఫుల్ తీసేయండి. వాల్యూం నార్మలైజేషన్ పాటవారీగా ఉంటే 'హొరైజన్స్' లాంటి మెత్తని గిటారు ముక్క, దాని వెంటే వచ్చే 'సప్పర్స్ రెడీ' ఒకే ఎత్తుకు వచ్చేస్తాయి. ఆల్బంవారీగా పెట్టండి, ఆ సౌకర్యం లేకపోతే పూర్తిగా ఆపేయండి. కింగ్ క్రిమ్సన్ 2019 దాకా స్ట్రీమింగ్‌లో లేదు, ఇప్పుడుంది.

ఎడిషన్లలో 'రీమాస్టర్' అంటే పాత స్టీరియో టేపునే మళ్ళీ మెరుగుపెట్టడం, 'రీమిక్స్' అంటే ఒక్కో వాద్యం ఉన్న మల్టీట్రాక్ టేపు నుంచి మొత్తం తిరిగి కలపడం. వాద్యాలు విడివిడిగా వినడం నేర్చుకునేవారికి సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసిన రీమిక్సులు (యెస్, కింగ్ క్రిమ్సన్, జెత్రో టల్, జెంటిల్ జెయింట్) బాగా పనికొస్తాయి. జెనెసిస్ రీమిక్సులు ఆయన చేసినవి కావు, శబ్దాన్ని నొక్కిపెట్టి పెంచినట్టుంటాయి. పాత మిక్సు దొరికితే అదే వినండి.

ఎల్పీ సంగతి: వైపుకు 20 నిమిషాలు దాటేకొద్దీ గాళ్ళు దగ్గరదగ్గరగా కోయాలి, అందుకోసం శబ్దం మట్టం, బేసు తగ్గించాలి. ఎల్పీ మధ్యకు వచ్చేసరికి సూది కింద గాడి నడిచే వేగం కూడా తగ్గి పై స్వరాలు మసకబారతాయి. జెనెసిస్ 'ఫాక్స్‌ట్రాట్' రెండో వైపు 24 నిమిషాలు దాటుతుంది, పైగా అసలు పతాకఘట్టం చివర్లోనే. సెకండ్‌హ్యాండ్ కాపీ కొనేముందు షాపులో ఆ చివరి మూడు నిమిషాలు పెట్టించుకుని వినండి. గొంతు చీలినట్టు వస్తే గాడి అరిగిపోయినట్టే, కడిగితే బాగుపడేది కాదు.